సల్సా నివాళి ఆల్బమ్: పాట ఎవరిదని రాయాలి?

మల్లేశ్వరం కాంగా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న ఏడుగురం. నలుగురం తెలుగువాళ్ళం, ఇద్దరు కన్నడిగులు, ఒకరు మలయాళీ. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం మల్లేశ్వరంలో ఒక మిత్రుడి మేడమీది గదిలో చేరి సల్సా అనే లాటిన్ అమెరికా నాట్య సంగీతం వాయిస్తున్నాం. నాది కాంగా అనే చేతి డోలు. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నందువల్ల చేయి తొందరగానే కుదిరింది గాని, క్లావే (సల్సాకు ఆధారమైన తాళపు వరస) లెక్క ఒంటబట్టడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు గాయకుడు హెక్టర్ లవోకు నివాళిగా ఎనిమిది పాటలు రికార్డు చేశాం. అన్నీ పాత పాటలే. మా సొంతది ఒక్కటీ లేదు.

పోయిన వారం కవరు వెనుక అట్ట నమూనా చేతికి వచ్చింది. ఎనిమిది పాటల కిందా "రచన, సంగీతం: హెక్టర్ లవో" అని ఉంది. డిజిటల్ విడుదలకు నింపిన ఫారంలోనూ అదే పేరు ఎక్కింది. పని చేసినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పాట పెట్టగానే వినిపించేది గాయకుడి గొంతే కనుక పాట ఆయనదే అనుకోవడం సహజం. కాని 1978 నాటి "కొమేదియా" ఆల్బమ్‌లో లవో పాడిన "ఎల్ కాంతాంతే" పాటను రాసి బాణీ కట్టినవారు పనామా దేశస్థుడైన రూబెన్ బ్లేడ్స్. 1976లో వచ్చిన "పెరియోదికో దె అయెర్" ప్యూర్టోరికోకు చెందిన తితే కురెత్ అలోన్సో రచన. "మి హెంతె" సంగీతకారుడు జానీ పచేకోది. ఈ పేర్లు లేకుండా ఆల్బమ్ బయటికి వెళ్తే మేము చేస్తున్నది నివాళి ఎలా అవుతుందని నాకు చాలా బాధగా ఉంది.

తెలిసిన పేర్లు దిద్దగలను. తెలియనివే నన్ను ఆపుతున్నాయి. మా ఎనిమిదింటిలో ఒకటి పాత క్యూబా సోన్, అంటే సల్సాకు మూలమైన క్యూబా పాటల తీరుది. మేము నేర్చుకున్న ఎల్పీ లేబుల్ మీద రచయిత పేరు ఉండవలసిన చోట "డి.ఆర్." అని మాత్రమే ఉంది. అది ఎవరి పొడి అక్షరాలు? రెండోది "చె చె కొలె"; దానికి లవో పాడిన బృందానికి నాయకుడైన విల్లీ కోలోన్ పేరు వేస్తున్నారు గాని అది ఆఫ్రికా పాట అని ఎక్కడో విన్నాను. మూడోది, "పెరియోదికో దె అయెర్"కు మా గాయకుడు తెలుగు మాటలు రాశాడు. చదివేసిన నిన్నటి పేపరు వంటి ప్రేమ అన్న ఊహ తెలుగులో చక్కగా ఒదిగింది. అప్పుడు రచయితగా ఎవరి పేరు వేయాలి? చివరిది, పాట చివర వచ్చే మొంతునో భాగంలో, కోరో (వెనుక పాడే బృందం) పాడుతుండగా, గాయకుడు అప్పటికప్పుడు అల్లిన పంక్తులు ఉన్నాయి. కొన్ని మావాడి సొంతం, కొన్ని లవో పాత రికార్డులో అల్లినవి యథాతథంగా పాడినవి. వాటి మాటేమిటి? తెలిసినవారు చెప్పగలరు.

పాత రికార్డుల పెట్టె

మల్లేశ్వరం కాంగా గారికి నమస్కారం. ముందుగా డి.ఆర్. సంగతి చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది అక్కడే. అవి మనిషి పేరులోని అక్షరాలు కావు. "దెరేచోస్ రెసెర్వాదోస్" అనే స్పానిష్ మాటలకు పొడి రూపం. హక్కులు ప్రత్యేకించి ఉంచబడినవి అని అర్థం. పచేకో, న్యాయవాది జెర్రీ మసూచీ కలిసి 1964లో న్యూయార్క్‌లో ఫానియా అనే రికార్డు సంస్థను స్థాపించిన తరువాత, ఆ నగరపు బృందాలు పాత క్యూబా పాటలను విస్తారంగా తిరిగి రికార్డు చేశాయి. అప్పటికే 1962 నుంచి క్యూబా మీద అమెరికా వాణిజ్య నిషేధం అమలులో ఉంది. క్యూబాలో ఉన్న రచయితలకు డబ్బు చేర్చే వ్యవహారం చిక్కుపడింది. అటువంటి పాటల లేబుళ్ళ మీద రచయిత పేరుకు బదులు ఈ రెండు అక్షరాలు వేయడం వాడుకగా మారింది. అంటే, మీ ఎల్పీ చెబుతున్నది "ఈ పాటకు రచయిత లేడు" అని కాదు. "రచయిత ఉన్నాడు, ఇక్కడ పేరు వేయలేదు" అని. కనుక దయచేసి "సంప్రదాయ గీతం" అని మాత్రం వేయకండి. పేరు దాచిన లేబుల్‌ను చూసి మరొకరు అజ్ఞాత రచన అంటారు, ఆయనను చూసి ఇంకొకరు జానపదం అంటారు, ఆ తరువాత అసలు మనిషిని వెతికేవారే ఉండరు.

పాత సోన్ పాటల్లో చాలావాటికి పేరున్న రచయితలు ఉన్నారు. "సోన్ దె లా లోమా", "లాగ్రిమాస్ నెగ్రాస్" రెండూ సాంతియాగో దె కూబాలో 1894లో పుట్టిన మిగెల్ మతమోరోస్‌వి. "ఎల్ మానిసేరో"ను మోయిసేస్ సిమోన్స్ రాశారు. మీ పాట పల్లవిలోని మొదటి పంక్తిని పట్టుకొని, న్యూయార్క్ రికార్డును కాక దానికి ముందున్న క్యూబా రికార్డును వెతకండి. ఎంత వెనక్కి వెళ్తే పేరు దొరికే అవకాశం అంత పెరుగుతుంది. ఆపైన అమెరికా హక్కుల సంఘాలైన ఆస్కాప్, బీఎంఐల పాటల జాబితాలు అందరికీ తెరిచే ఉంటాయి; అక్కడ పాట పేరుతో సరిచూడవచ్చు.

అయితే ఆ జాబితాల్లో పేర్లు వెతకడంలో ఒక కిటుకు ఉంది. స్పానిష్ వారికి ఇంటిపేర్లు రెండు: మొదటిది తండ్రి వైపుది, రెండోది తల్లి వైపుది. తితే అన్నది ముద్దుపేరు. ఆయన అసలు పేరు కాతాలీనో కురెత్ అలోన్సో. చివరి మాటే ఇంటిపేరనుకొని "అలోన్సో" కింద వెతికితే దొరకరు. "కురెత్ అలోన్సో" అని వెతకాలి. అలాగే లవో అన్నది వేదిక పేరు, "లా వోస్", అంటే గొంతు, అన్న మాట నుంచి వచ్చింది. ఆయన అసలు పేరు హెక్టర్ హువాన్ పెరెస్ మార్తీనెస్. అందువల్ల ఆయన రచయితగా ఉన్న చోట "హెక్టర్ పెరెస్" అని కనిపిస్తే అది వేరొకరనుకోకండి. ఆయన అసలేమీ రాయలేదని కాదు. "అగ్వానిలె" పాటకు విల్లీ కోలోన్‌తో పాటు ఆయన పేరూ ఉంటుంది. మీ జాబితాలో ఆ పాట ఉంటే అక్కడ మాత్రం లవో పేరు ఉంచవలసిందే.

"చె చె కొలె" గురించి మీరు విన్నది నిజం. అది ఘనా దేశపు పిల్లలు గుండ్రంగా నిలబడి, ఒకరు చెప్పగా మిగతావారు అందుకొనే ఆటపాట మీద కట్టినది. 1969 నాటికి కోలోన్, లవో దాన్ని సల్సాగా మలిచారు. నమోదైన పేరును మార్చే అధికారం మనకు లేదు కనుక కోలోన్ పేరు వేసి, దాని కిందనే "ఘనా పిల్లల ఆటపాట ఆధారంగా" అని ఒక్క పంక్తి చేర్చండి. దీనికి ఎవరి అనుమతీ అక్కరలేదు, నిజం చెప్పాలన్న కోరిక ఉంటే చాలు.

తితే గారి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆయన తపాలా శాఖ ఉద్యోగి. రెండు వేలకు పైగా పాటలు రాశారు. చెయో ఫెలిసియానో పాడిన "అనకవోనా", లా లూపె పాడిన "లా తిరానా", లవో పాడిన "హువానీతో అలిమాన్యా" అన్నీ ఆయనవే. ఆయన హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయన్న వివాదం వల్ల, 1995 నుంచి 2009 వరకు, అంటే 2003లో ఆయన మరణించిన తరువాత కూడా, సొంత ప్యూర్టోరికో రేడియోలోనే ఆయన పాటలు వినిపించలేదు. యాదృచ్ఛికమే గాని, రూబెన్ బ్లేడ్స్ కూడా న్యూయార్క్ వచ్చిన కొత్తలో ఫానియాలో ఉత్తరాలు సర్దే గదిలో పనిచేశారు. మీ ఆల్బమ్‌లోని రెండు గొప్ప పాటలు ఒకప్పుడు ఉత్తరాలు పంచిన చేతుల నుంచి వచ్చినవని మీ బృందంలోని వారికి చెప్పండి.

కోడంబాక్కం లెక్కలు

నేను చెన్నైలో పాటల హక్కుల రాయల్టీ లెక్కలు చూసే ఉద్యోగం చేస్తాను. పై సమాధానం పేర్ల వరకు బాగుంది. అయితే పేరు వేయడం ఒక పని, అనుమతి తీసుకోవడం మరొక పని; ఒకటి చేస్తే రెండోది చేసినట్టు కాదు. రచయిత పేరు పెద్ద అక్షరాలతో వేసి అనుమతి మరిచినా తప్పే. డబ్బు కట్టి పేరు మరిచినా తప్పే. మన కాపీరైట్ చట్టం, 1957లోని 57వ సెక్షన్ ప్రకారం, రచయిత తన హక్కులన్నీ అమ్ముకున్న తరువాత కూడా "ఇది నా రచన" అని చెప్పుకునే హక్కు ఆయనకు మిగిలే ఉంటుంది. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల వారి రచనలకు, 1999 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఉత్తర్వు ద్వారా, ఇక్కడా రక్షణ ఉంది. క్యూబా 1997లో ఆ ఒప్పందంలో చేరింది.

కవర్ పాటల కోసం, అంటే ముందే రికార్డైన పాటను మరొకరు మళ్ళీ పాడి రికార్డు చేయడం కోసం, 2012 సవరణలో 31సి అనే సెక్షన్ చేర్చారు. మొదటి రికార్డు తయారైన సంవత్సరం ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు గడిచి ఉంటే, హక్కుదారుకు ముందుగా నోటీసు ఇచ్చి, రాయల్టీ ముందుగానే చెల్లించి, కవర్ రికార్డు చేయవచ్చని అది చెబుతుంది. వినడానికి మీ కోసమే రాసినట్టు ఉంటుంది గాని, అందులోని షరతులను నిదానంగా చదవండి. ప్రతి పాటకూ, ప్రతి క్యాలెండర్ సంవత్సరానికీ కనీసం 50,000 ప్రతులకు రాయల్టీ కట్టాలి. ఏదైనా భాషకు ఆదరణ తక్కువన్న కారణంతో ఆ సంఖ్యను తగ్గించే వీలు చట్టంలో ఉన్నా, అది ఉత్తర్వు ద్వారా జరగాలి; మనంతట మనం తగ్గించుకోలేం. సాంకేతికంగా తప్పనిసరి అయినది తప్ప పాటలో మార్పు చేయకూడదు. కనుక మీ తెలుగు పాట ఈ సెక్షన్ కిందికి రాదు.

ఇక మీరు అడగని విషయం ఒకటి ఉంది. అది మీకు అన్నిటికన్నా ముఖ్యం. ఆ సెక్షన్ కింద చేసిన రికార్డు కవరు మీద, అదే పాటను అంతకుముందు పాడిన కళాకారుల పేరు గాని, బొమ్మ గాని ఏ రూపంలోనూ ఉండకూడదు. అది కవర్ వర్షన్ అని మాత్రం స్పష్టంగా రాసి ఉండాలి. కొనేవారు ఇది పాత రికార్డే అనుకొని మోసపోకూడదన్నది దాని ఉద్దేశం. నివాళి ఆల్బమ్ అంటున్నారు కనుక మీ ముందు అట్ట మీద లవో పేరో బొమ్మో ఉంటుందనే అనుకుంటున్నాను. అదే నిజమైతే 31సి దారి మీకు మూసుకుపోయినట్టే. ప్రతి పాట హక్కుదారు అయిన మ్యూజిక్ పబ్లిషర్ నుంచి నేరుగా లైసెన్సు తీసుకోవాలి. ఆ పబ్లిషర్‌కు భారతదేశంలో ప్రతినిధి ఎవరో కనుక్కోవడానికి ముందుగా పాటల రచయితలు, స్వరకర్తల హక్కుల సంఘమైన ఐపీఆర్ఎస్‌ను అడగండి. బొమ్మ వాడినందుకు ఆయన వారసుల అనుమతి సంగతి దానికి వేరుగా చూసుకోవాలి. మీరు అచ్చువేసేది కొన్ని వందల ప్రతులే అయితే, నేరుగా అడగడమే చవకగా కూడా తేలవచ్చు.

కాలపరిమితి లెక్క కూడా చెబుతాను. మన దేశంలో పాటకు రక్షణ రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు. మతమోరోస్ 1971లో మరణించారు. కనుక ఈ లెక్కన గరిష్ఠంగా 2031 చివరి వరకు. కురెత్ అలోన్సోకు 2063 చివరి వరకు. సిమోన్స్ 1945లోనే పోయారు కనుక "ఎల్ మానిసేరో" స్పానిష్ పాటకు ఇక్కడ గడువు ముగిసింది. కాని దాని ఇంగ్లీషు మాటలు రాసినవారు వేరు, వారి హక్కు వేరు, వారి గడువు వేరు. ఇదంతా భారతదేశం లెక్క మాత్రమే. డిజిటల్ విడుదల ప్రపంచమంతటా వినిపిస్తుంది కనుక, ఇక్కడ గడువు ముగిసిందని మరో దేశంలో ముగిసినట్టు కాదు.

ఫారం నింపేటప్పుడు ఒక జాగ్రత్త. ఐఎస్ఆర్సీ అన్నది మీరు చేసిన రికార్డు గుర్తు. అది మీకు కొత్తగా వస్తుంది. ఐఎస్‌డబ్ల్యూసీ అన్నది పాట గుర్తు. ఎంతమంది పాడినా ఆ పాటకు అదే ఉంటుంది. ఫారంలో "సొంత రచన" అన్న గడిలో టిక్కు పడితే రాయల్టీ చేరవలసిన చోటికి చేరదు. మీ ఫారంలో ఆ టిక్కు పడలేదు కదా అని ఒకసారి చూడండి.

పదమూ బాణీ

తెలుగు మాటల సంగతి, అల్లిన పంక్తుల సంగతి నేను చెబుతాను. మనకు ఈ విషయంలో మంచి అలవాటు ఒకటి ఇంట్లోనే ఉంది. అన్నమయ్య సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి. రేకుల మీద రాగం పేరు ఉంది గాని బాణీ లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ గారి వంటివారు వాటికి స్వరాలు కట్టారు. అందుకే నేటికీ జాగ్రత్తగల వారు "రచన అన్నమాచార్య" అన్నాక "స్వరకల్పన" అని మరొక పేరు వేరుగా వేస్తారు. మాట ఒకరిది, బాణీ మరొకరిది అని చెప్పడంలో ఎవరి గౌరవమూ తగ్గదు. మీ పాటలో జరిగింది దీనికి తిరగబడిన పని. బాణీ ఉంది, మూలంలో మాటా ఉంది, ఆ రెండూ ఒకరివే. తితే గారిని మన భాషలో వాగ్గేయకారుడు అనాలి. మీ మిత్రుడు మాటను తెలుగులోకి తెచ్చాడు. కనుక "మూల గీతం, స్వరకల్పన: తితే కురెత్ అలోన్సో" అన్నది పైన ఉండాలి, "తెలుగు మాటలు" అని మీ మిత్రుడి పేరు దాని కింద ఉండాలి. "రచన" అన్న మాట పక్కన మీ మిత్రుడి పేరు ఒంటరిగా వేయకండి. అలాగే అది అనువాదమా, అనుసరణా అన్నది నిజాయితీగా తేల్చుకోండి. నిన్నటి పేపరు అన్న ఊహను నిలుపుకొని పంక్తులు మార్చారంటే అది అనుసరణ. అనుమతి కోరే ఉత్తరంలో అదే మాట రాయాలి, తెలుగు పాఠానికి పంక్తికి పంక్తిగా అర్థం జతచేయాలి. మూల రచయిత వైపువారు చదవలేని భాషలో ఆయన పాట పాడుతున్నాం కనుక ఆ శ్రమ మన వంతు.

మొంతునోలో అల్లే పంక్తులను సొనేయో అంటారు, అల్లేవాణ్ని సొనేరో అంటారు. కచేరీలో నెరవు పాడిన విద్వాంసుడు కృతికి కర్త కాడు. ఆయన మనోధర్మం ఆ పూట పాటలో కనిపిస్తుంది, ముద్ర మాత్రం త్యాగరాజస్వామిదే. సొనేయోను కూడా మొదట అలా అర్థం చేసుకోవచ్చు. కాని పోలిక అక్కడితో ఆగుతుంది. నెరవులో ఉన్న పంక్తినే తిప్పి తిప్పి పాడతాం, సొనేయోలో కొత్త మాటలు పుడతాయి. కాబట్టి మీ గాయకుడు సొంతంగా అల్లినవాటికి "సొనేయోలు" అని ఆయన పేరు వేయడం న్యాయం; అది పాట రచనలో వాటా కాదని అర్థమయ్యేలా విడిగా వేయాలి. లవో పాత రికార్డులో అల్లినవి యథాతథంగా పాడారు కనుక, వాటిని మీవాడి ఖాతాలో కలపకండి. నిజానికి లవో పేరు అట్ట మీద రావలసిన అసలు చోటు ఇదేనని నాకు అనిపిస్తుంది. పాట ఆయన రాయలేదు. పాటలోకి ఆయన తెచ్చిన పంక్తులు మాత్రం ఆయనవే. అయితే కోడంబాక్కం లెక్కలు గారు చెప్పినట్టు, అది నేరుగా లైసెన్సు తీసుకున్న పాటకే వీలవుతుంది.

ట్రొంబోన్ల (ఇత్తడి ఊదు వాద్యాల) వరసలు పాత రికార్డులోవే వాయించి ఉంటే, "వాద్య కూర్పు: మా బృందం" అని వేసుకోవద్దు. మూల కూర్పును అనుసరించామని రాయండి.

మల్లేశ్వరం కాంగా

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం వాయించడం మానేసి అందరం ఇవి చదువుకున్నాం. ముందు అట్ట మీద లవో బొమ్మ ఉన్న మాట నిజమే. ఊహించి హెచ్చరించినందుకు కోడంబాక్కం లెక్కలు గారికి ఋణపడి ఉంటాం. ఫారంలో "సొంత రచన" గడిలో టిక్కు కూడా ఉంది. దాన్ని తీసివేసి, విడుదల నిలిపివేశాం. ఐపీఆర్ఎస్‌కు ఈ వారమే రాస్తున్నాం. తెలుగు పాట అనుమతి వచ్చేదాకా ఆల్బమ్‌లో ఉండదు. మా గాయకుడు కొంచెం నొచ్చుకున్నా, తితే గారి రేడియో సంగతి చదివాక ఆయనే ముందుగా ఒప్పుకున్నాడు. పాత సోన్ రచయిత పేరు ఇంకా దొరకలేదు. దొరికేదాకా అదీ ఆగుతుంది. మిగిలింది ఆరు పాటలు.

కొత్త నమూనాలో మొదటి పంక్తి ఇలా రాశాను: "ఎల్ కాంతాంతే. రచన, స్వరకల్పన: రూబెన్ బ్లాదెస్. మూల వాద్య కూర్పును అనుసరించి మా బృందం వాయించినది. సొనేయోలు: హెక్టర్ లవో 1978 రికార్డు నుంచి." నా ప్రశ్నలో "బ్లేడ్స్" అని రాశాను గాని, స్పానిష్‌లో బ్లాదెస్ అనాలని ఒకరు చెప్పగా మార్చాను. సరిగానే ఉందా?

పాత రికార్డుల పెట్టె

పంక్తి బాగుంది. పేరు మాత్రం మీరు మొదట రాసినట్టే "బ్లేడ్స్" అని ఉంచండి. ఆయన తాతగారు సెయింట్ లూసియా ద్వీపం నుంచి పనామా వచ్చినవారు, అది ఇంగ్లీషు ఇంటిపేరు. స్పానిష్ మాట్లాడేవారు చాలామంది బ్లాదెస్ అంటారు గాని, ఆయన తన పేరును బ్లేడ్స్ అనే పలుకుతారు. పాత సోన్ మొదటి పంక్తిని తెలుగు లిపిలో ఇక్కడ రాయండి, నా దగ్గరున్న రికార్డుల్లో వెతుకుతాను.